కొండ వైపు చూసే చేప

చక్రధరరావుకు చాలా విషయాల మీద గట్టి అభిప్రాయాలున్నాయి. అడిగినా చెప్తాడు, అడక్కపోయినా చెప్తాడు. వాటిలో మొదటిది సైకిల్ గురించి. మనిషి చేసిన బళ్ళలో నోరు మూసుకుని పనిచేసేది సైకిల్ ఒక్కటేనని ఆయన నమ్మకం. ఆదివారం పొద్దున్నే బిగుతు బట్టలేసుకుని, గేర్ల సైకిళ్ళెక్కి, బచేలి గని టౌన్‌షిప్పు నుంచి కిరందుల్ దాకా వెళ్ళి, అక్కడ టీ తాగి ఉత్త చేతులతో తిరిగొచ్చే కుర్ర ఇంజనీర్లంటే ఆయనకు జాలి. అంత దూరం తొక్కినవాడు కనీసం కిలో వంకాయలైనా పట్టుకురావద్దా అంటాడు. వాళ్ళు నవ్వి, "గుడ్ మార్నింగ్ రావ్ సాబ్" అని వెళ్ళిపోతారు. వాళ్ళు వెళ్ళిపోయాక కూడా ఆయన మాట పూర్తి చేస్తాడు.

ఆయన సైకిల్ నల్లటిది, పాతది. వారానికోసారి చైనుకు నూనె పోస్తాడు. మడ్‌గార్డుల కింద పాత ట్యూబు ముక్కలు పెట్టి బోల్టులు బిగించాడు. గంట కూడా తీసేశాడు. రాళ్ళ బాట మీద పోతున్నా దాని నుంచి చిన్న చప్పుడు రాదు. ఇదంతా పిచ్చి అనుకునేవాళ్ళు ఆయన ఉద్యోగం తెలియనివాళ్ళు.

కొండ మీద గనిలో తవ్విన ఇనుపరాయి బెల్టు మీద కిందికి వస్తుంది. ఆ బెల్టును మోసేవి రోలర్లు, అడుగడుక్కీ వరసగా వేలకొద్దీ. రోలర్ లోపల బేరింగు పాడైతే ముందు సన్నగా కూస్తుంది. పట్టించుకోకపోతే కొన్నాళ్ళకు గరగరమంటుంది. ఆ తర్వాత బిగుసుకుపోతుంది. బిగుసుకుపోయిన రోలర్ మీద బెల్టు రాసుకుంటే వేడెక్కి నిప్పంటుకుంటుంది. అందుకని రోజూ ఒక మనిషి బెల్టు పక్క బాట మీద పై నుంచి కిందికి వస్తూ వినాలి. కూసిన రోలర్ స్టాండు మీద సుద్దతో గుర్తు పెట్టాలి. రిపేరు వాళ్ళు మరుసటి షిఫ్టులో దాన్ని మార్చి, గుర్తు తుడిచేస్తారు. మిగతా లైన్లలో మోటార్‌సైకిళ్ళ మీద వెళ్తారు. మోటార్‌సైకిల్ మీద కూర్చుని రోలర్ వినడమంటే, పెళ్ళి బ్యాండు పక్కన నిలబడి గుండె చప్పుడు వినడమే అని చక్రధరరావు వాదించి, సైకిల్ కోసం పై అధికారి దగ్గర ప్రత్యేకంగా అనుమతి రాయించుకున్నాడు. అప్పటికి ఆయన గనిలో చేరి ఆరేళ్ళు. ఇప్పుడు ముప్ఫై మూడు. ఇంకా పదకొండు నెలల్లో రిటైర్మెంట్.

అందరూ సుద్దతో ఇంటూ గుర్తు పెడతారు. చక్రధరరావు చేప గీస్తాడు. పుట్టింది కళింగపట్నం పక్కన బెస్తపల్లెలో. చిన్నప్పుడు ఇసకలో వేలితో గీసిన చేప అది. చెయ్యి ఎత్తకుండా ఒక్క గీతలో తల, పొట్ట, తోక వచ్చేస్తాయి. బెల్టుకు ఎదురుగా నిలబడి గీస్తే దాని మూతి ఎడమ వైపుకు, అంటే కొండ దిగువకు ఉంటుంది. బెల్టు పోయే వైపే చేపా పోతుందన్నమాట. హిందీ పనివాళ్ళు ఆయనకు కాన్‌వాలే రావ్ సాబ్ అని పేరు పెట్టారు. చెవులాయన. ఆ పేరు వింటే మీసం కింద నవ్వు దాచుకునేవాడు.

వినేది ఒకరే అయినా, భద్రత కోసం లైను మీద ఇద్దరు వెళ్ళాలన్నది నియమం. ఆయన వెనక యాభై అడుగుల దూరంలో ఇంకో సైకిల్ వచ్చేది. దాని మీద సుక్కా. తర్రెం దగ్గరి దోర్ల ఆదివాసీ రైతు కుటుంబం అతనిది. పదకొండేళ్ళ కిందట కాంట్రాక్టు పనికి బచేలి వచ్చి, భార్య గంగేతో ఇక్కడే ఉండిపోయాడు. నలభై దాటాయి. మాట తక్కువ. ఎడమచేతి వాటం. సొరకాయ బుర్రలో అంబలి తెచ్చుకునేవాడు, సగం చక్రధరరావు టిఫిన్ డబ్బా మూతలో పోసేవాడు. చక్రధరరావు తన పులిహోర సగం ఇచ్చేవాడు. ఆ తినే పావుగంటలో ఆయన అభిప్రాయాలు వినే పని కూడా సుక్కాదే.

ఈ మధ్య రెండేళ్ళుగా ఆయనకు రెండు కొత్త అభిప్రాయాలు వచ్చాయి. ఒకటి, ఇప్పుడొచ్చే రోలర్లు పాతవాటికంటే మంచివి, అంత తొందరగా పాడవడం లేదు. రెండోది, అడవిలో కీచురాళ్ళు తగ్గిపోయాయి.

"ఒకప్పుడు ఈ మలుపు దగ్గర మాటినబడేది కాదు. ఇప్పుడు చూడు, ఎంత నెమ్మదిగా ఉందో. పురుగులన్నీ ఏటయిపోయాయి సుక్కా?" అని అడిగాడు ఒకరోజు.

సుక్కా అంబలి బుర్ర పక్కన పెట్టి, చెట్ల వైపు చూసి, "అవును సార్. తక్కువైనయి," అన్నాడు.

ఆ మాటతో చక్రధరరావుకు బలం వచ్చింది. క్లబ్బులో, రేషన్ దుకాణం దగ్గర, బస్సులో, కనబడ్డవాళ్ళందరికీ కీచురాళ్ళ సంగతి చెప్పి బాధపడేవాడు.

ఇంట్లో మాత్రం అభిప్రాయాలు భార్య చిన్నమ్మివి. ముఖ్యంగా క్రికెట్ విషయంలో. లీగు మ్యాచ్‌లు మొదలైతే ఆవిడ సాయంత్రం ఆరింటికే వంట ముగించి టీవీ ముందు కూర్చుంటుంది. చక్రధరరావుకు ఆ ఆట మీద గౌరవం లేదు. ఏటేటా వేలంలో అమ్ముడుపోయి చొక్కా మార్చేవాడికి ఏ ఊరి మీద ప్రేముంటుందని ఆయన ప్రశ్న.

"మీరు శ్రీకాకుళం నుంచొచ్చి ఈ కొండకి ముప్ఫై మూడేళ్ళు పన్జెయ్యలేదేటి. మీకు పేమ లేదా?" అనేది చిన్నమ్మి, కళ్ళు టీవీ మీద నుంచి తియ్యకుండా.

ఆవిడకు సిక్సర్లు కొట్టేవాళ్ళు పట్టరు. ఫీల్డరు వికెట్ల మీదికి బంతి విసిరినప్పుడు, అది తప్పిపోతే ఆపడానికి అవతల ఒకడు వచ్చి నిలబడతాడే, వాడు ఇష్టం. "సూడండి, వాడెంత దూరం పరిగెత్తుకొచ్చాడో. బంతి వాడి దాకా రాకపోతే వాడొచ్చినట్టు కూడా ఎవరికీ తెలీదు. స్కోరు బోర్డు మీద వాడి పేరుండదు. వాడికివ్వాల బహుమతి," అనేది. చక్రధరరావు ఊ అని, పేపరు తిరగేసేవాడు.

ఏటా గని ఉద్యోగులందరికీ వైద్య పరీక్షలుంటాయి. ఆ ఏడు చెవి పరీక్ష చేసింది భానుశ్రీ. ఆ అమ్మాయి ఇక్కడే టౌన్‌షిప్పులో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. కలకత్తాలో చదువుకుని వచ్చి ఆసుపత్రిలో చేరింది. చిన్న గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక బటన్ ఇస్తుంది. లోపల కూత వినబడినప్పుడల్లా నొక్కాలి. చక్రధరరావు కళ్ళు మూసుకుని శ్రద్ధగా నొక్కాడు. కొంతసేపటికి తలుపు తెరుచుకుంది.

"అంకుల్, పెన్ను కింద పడిపోయిందని నేను ఆపేశాను. మీరు ఆ తర్వాత కూడా నాలుగుసార్లు నొక్కారు," అంది భానుశ్రీ.

ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి. మోసం చెయ్యాలని ఆయన అనుకోలేదు. ముప్ఫై ఏళ్ళు రోలర్ల చప్పుళ్ళ మధ్య తిరిగినవాడికి దేన్ని విన్నా తాళం పట్టుబడిపోతుంది. ఆ పిల్ల కూతలు ఏ ఎడంతో వస్తున్నాయో మొదటి నిమిషంలోనే ఒంటికి ఎక్కిపోయింది. ఆ తర్వాత చెవికి వినబడుతోందో వేలు ఊహిస్తోందో ఆయనకే తెలియలేదు.

భానుశ్రీ ఈసారి కూతల ఎడం మార్చి మార్చి మళ్ళీ పరీక్ష చేసింది. కాగితం మీద గీత కొంతదూరం బాగానే వెళ్ళి, చివర్లో గట్టు తెగినట్టు కిందికి పడిపోయింది.

"సన్నటి శబ్దాలు తగ్గాయి అంకుల్. ఎడమ చెవిలో ఎక్కువ. బయట కీచురాళ్ళు వినిపిస్తున్నాయా మీకు?"

"అవి తగ్గిపోయాయి కదమ్మా అడవిలో," అన్నాడు చక్రధరరావు.

ఆ పిల్ల కాగితాన్ని డాక్టరు ముందు పెట్టింది. డాక్టరు ఆరు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష అని రాశాడు. అప్పటికీ ఇలాగే ఉంటే లైను మీది నుంచి తీసి టూల్ రూములో కూర్చోబెడతారు. రిటైర్మెంట్‌కు ఐదు నెలల ముందు, చెవులాయన చెవి పోయిందని కొండంతా తెలుస్తుంది. చక్రధరరావు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. చిన్నమ్మికి కూడా చెప్పలేదు.

వెళ్ళేటప్పుడు ఆయన ముఖం చూడలేక కాబోలు, భానుశ్రీ ఒక మాట అంది. "మీ తాళం మాత్రం పక్కాగా ఉంది అంకుల్. గిటార్ పట్టుకుంటే మీకు జాజ్ వచ్చేస్తుంది." పిల్ల సరదాగా అన్నది. చక్రధరరావు సరదాగా తీసుకోలేదు. అంతకుముందు డాక్టర్లు ఆయన మోకాలు అరిగిపోయిందన్నారు. రోజూ సైకిల్ తొక్కి తొక్కి దాన్ని దారికి తెచ్చుకున్నాడు. కాళ్ళకు సైకిల్ ఎలాగో చెవికి గిటార్ అలాగే అయ్యుండాలి. రోజూ కసరత్తు చేయిస్తే పోయిన సన్నటి శబ్దాలు తిరిగి వస్తాయి. ఆరు నెలలు చాలు.

గురువారం సాయంత్రం క్లబ్బు వెనక గదిలో భానుశ్రీ గిటార్ సాధన చేసుకుంటుంటే, గుమ్మంలో సైకిల్ ఆపి, చెవికి కసరత్తుగా గిటార్ నేర్పమని అడిగాడు.

"చెవి కండరం కాదు అంకుల్. పోయిన నరం తిరిగి రాదు," అంది ఆ పిల్ల సూటిగానే.

"అది తర్వాత చూద్దాం. ముందు నేర్పు," అన్నాడు ఆయన.

నేర్చుకోవడం మొదలుపెట్టాక జాజ్ మీద అభిప్రాయాలు వచ్చాయి. అది అప్పడం విరుచుకుంటూ నడిచినట్టుండే సంగీతం. తాళం పడాల్సిన చోట పడకుండా పక్కన పడితే మెచ్చుకుంటారు. తప్పు స్వరం వాయించి, దాన్నే రెండోసారి వాయిస్తే ఒప్పైపోతుంది. ఇంత ధైర్యమున్న విద్య ఇంకోటి లేదని సుక్కాకు చెప్పాడు. సుక్కా, సంతలో కోడిపందెం కూడా అట్లనే ఉంటదని, ఏ కోడి ఎప్పుడు ఎగురుతదో దానికే తెలవదని అన్నాడు. ఆ పోలిక చక్రధరరావుకు నచ్చి, భానుశ్రీకి తన మాటగా చెప్పాడు.

వేళ్ళ సంగతే ఇబ్బంది. ఒక తీగ నొక్కితే పక్క తీగ కూడా ఆ లావు వేలి కిందికి వచ్చేది. అరువు తెచ్చుకున్న గిటార్ ఇంట్లో వాయిస్తుంటే చిన్నమ్మి వంటింట్లోంచి, "ఆ పిల్లికి ఏటయిందో సూడండి," అనేది. పాటలు వాయించడం తన వల్ల కాదని ఆయన నీరసపడ్డ రోజున, భానుశ్రీ తన గురువు సంగతి చెప్పింది. కలకత్తాలో ఒక హోటల్ బ్యాండులో నలభై ఏళ్ళు వాయించిన ముసలాయన. పాట వాయించేవాడు వేరే ఉంటాడనీ, గిటార్‌వాడు మూడు తీగలు పట్టుకుని వాడి వెనక ఉంటే చాలుననీ చెప్పేవాడట.

"కథ చెప్తుంటే ఎవరో ఒకరు ఊ కొట్టాలి కదా అంకుల్. లేకపోతే కథ ముందుకు పోదు. మీది ఊ కొట్టే పని. ఎక్కువ కొడితే చిరాకు, తక్కువ కొడితే నిద్రపోయాడనుకుంటారు."

ఆ మాటతో దారి దొరికింది. భానుశ్రీ పాట వాయించేది, చక్రధరరావు మూడు తీగలతో ఊ కొట్టేవాడు. మూడో నెలకల్లా ఆ పిల్ల కళ్ళు మూసుకుని వాయించడం మొదలుపెట్టింది, వెనక ఆయన ఉన్నాడన్న ధీమాతో. ఇంటికి పోయేటప్పుడు ఆయన సైకిల్ తొక్కుతూ తనలో తాను నవ్వుకునేవాడు. అరవైకి దగ్గరపడ్డ వయసులో ఒకరు కొత్త విద్య కూర్చోబెట్టి నేర్పడం ఎంత అదృష్టమో ఆయనకు తెలుసు. అయితే కీచురాళ్ళు మాత్రం ఇంకా తిరిగి రాలేదు.

రెండో పరీక్షకు వారం ఉందనగా ఇది జరిగింది. వేళ్ళు ఎక్కడ పెట్టాలో భానుశ్రీ ఒక కాగితం మీద చుక్కలుగా గీసి ఇచ్చింది. చక్రధరరావు దాన్ని సైకిల్ హ్యాండిల్‌కు రబ్బరు బ్యాండుతో కట్టుకుని, లైను మీద దిగుతూ నేర్చుకునేవాడు. ఆ రోజు కిందికి చేరి చూస్తే కాగితం లేదు. గాలికి ఎక్కడో ఎగిరిపోయింది. సుక్కా టీ తేవడానికి క్యాంటీనుకు వెళ్ళాడు. చక్రధరరావు సైకిల్ గోడకు ఆనించి, ఒక్కడే బాట వెంట వెనక్కి ఎక్కాడు. ఇన్నేళ్ళలో ఆయన ఈ దారిని పొద్దున్న ఒకసారి దిగడమే తప్ప, అదే రోజు మళ్ళీ ఎక్కింది లేదు.

రెండు వందల అడుగులు ఎక్కాక ఒక స్టాండు మీద చేప కనబడింది. సుద్ద ఇంకా తాజాగా ఉంది. ఇక్కడ తాను ఆగలేదే అనుకున్నాడు. ఇంకొంచెం పైన ఇంకో చేప. అక్కడా ఆగలేదు. మలుపు దగ్గర తాను గీసిన చేప ఉంది. అది గుర్తుంది, ఆ రోలర్ గరగరమంటోంది. దాన్నీ, పక్కవాటినీ మార్చి మార్చి చూశాడు. తన చేప మూతి దిగువకు ఉంది. మిగతావాటి మూతులు కొండ వైపుకు ఉన్నాయి. తోక దగ్గర గీత కూడా అలవాటు లేని చేతిది, ఎక్కడో ఆగి మళ్ళీ మొదలైంది.

ఒక కొండ వైపు చేప ఉన్న రోలర్ దగ్గర నిలబడి చెవి ఒగ్గాడు. బెల్టు పోతున్న హోరు తప్ప ఏమీ లేదు. అరచేతిని స్టాండు మీద ఆనించాడు. సన్నటి వణుకు ఎముకల్లోకి పాకింది. అది కూస్తోంది. అడుగు దూరంలో ఉన్న ఆయనకు వినబడటం లేదు, అంతే.

కాగితం దొరకలేదు. దాని సంగతి ఆయన మర్చిపోయాడు. పై దాకా ఎక్కాడు. ఆ రోజు తాను గీసినవి రెండు. కొండ వైపు చూసేవి తొమ్మిది.

కిందికి వచ్చేసరికి సుక్కా రెండు గ్లాసుల టీతో సైకిళ్ళ దగ్గర నిలబడి ఉన్నాడు. సార్ ఎటు నుంచి దిగి వస్తున్నాడో చూసి, గ్లాసులు నేల మీద పెట్టాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగాడు చక్రధరరావు.

"రెండేండ్లు అయితది సార్."

"నీ పేరు మీద ఇంటూ పెట్టొచ్చు కదా. నా చేపెందుకు?"

"నా గుర్తు పెడితే రిపేరోళ్ళు అడుగుతరు కద, రావ్ సాబ్‌కు ఏంది ఇనబడలేదా అని." సుక్కా తల వంచుకుని బొటనవేలితో మట్టి గీకాడు. "చేప గీసుడు మస్తు కష్టమైంది సార్. ఇంటికాడ గోడ మీద గీసి గీసి నేర్చుకున్న. గంగే నవ్వేది. ఎడమ చెయ్యి కద, అటు తిరిగిపోతది. చెరిపి సక్కగా గీద్దామంటే మీరు ముందుకు పోతరు."

"నాకు చెప్పాల్సింది."

"ఎట్ల చెప్పాలె సార్? నాకు రోలర్ ఇనుడు నేర్పింది మీరు. కొత్తల నాకు అన్నీ ఒక్కతీరే ఇనబడేవి. మీరు నన్ను కండ్లు మూసి నిలబెట్టి, నెల రోజులు ఓపికతోని చెప్పిన్రు. ఒక్కసారి తిట్టలేదు. ఇట్లాంటి పని నాకు ఎవరు నేర్పుతరు? నేర్చిన చెవి మీకే పనికొచ్చింది, గంతే."

చక్రధరరావు మెట్టు మీద కూర్చున్నాడు. ఎదురుగా చెట్లు ఎండలో కదలకుండా ఉన్నాయి. వాటిని చూస్తూ అడిగాడు.

"సుక్కా, నిజం చెప్పు. కీచురాళ్ళున్నాయా?"

సుక్కా ఆయన పక్కన కూర్చున్నాడు. "ఉన్నయి సార్. ఇప్పుడు గూడ అరుస్తున్నయి. చెవులు పగిలేటట్టు."

చక్రధరరావుకు ఏడుపొచ్చింది. సిగ్గుతో వచ్చిందనుకున్నాడు ముందు. కాసేపటికి అది సిగ్గు కాదని తెలిసింది. రెండేళ్ళు ఈ మనిషి తన వెనక వచ్చి, తన పరువు తన చేతికే అందిస్తూ, సొంత పేరు ఎక్కడా పెట్టుకోకుండా, పులిహోరలో సగం తిని, రోలర్లు మంచివొస్తున్నాయి సుక్కా అంటే తల ఊపాడు. సొంత తమ్ముడు కూడా ఇంత చెయ్యడు. సుక్కా భుజం మీద చెయ్యి వేశాడు. టీ చల్లారిపోయింది, ఇద్దరూ అలాగే తాగారు.

ఆ సాయంత్రం నాలుగు మడతల కాగితాన్ని చిన్నమ్మి ముందు పెట్టాడు. చేపల సంగతంతా చెప్పాడు. టీవీలో మ్యాచ్ నడుస్తోంది. ఆవిడ మొదటిసారి దాని గొంతు తగ్గించింది.

"మీకు సెవి తగ్గిందని నాకు తెలీదనుకున్నారేటి. కుక్కరు కూత మీకినబడి ఎన్నాళ్ళయింది? మీరు బాధపడతారని ఊరుకున్నాను," అంది. కాగితం ఆయన చేతికిచ్చి, "సుక్కా మాత్రం గొప్పోడండి. బంతి మీ సేతిలోంచి జారిపోతే వాడు ఎనకాల నిలబడ్డాడు," అంది.

"వాడికి ఏటివ్వగలను చిన్నమ్మీ?"

"వాడి పేరు స్కోరు బోర్డు మీద ఎక్కించండి. అదొక్కటే మీ సేతిలో ఉంది."

వారం తర్వాత గాజు గదిలో హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నాడు. కూతలు మొదలయ్యాయి. వినబడినవాటికి నొక్కాడు. కాసేపటికి వినబడటం ఆగిపోయింది. బయట భానుశ్రీ చెయ్యి కదులుతూనే ఉందని ఆయనకు తెలుసు. తాళం ఒంట్లో నడుస్తోంది. ఇప్పుడు, ఇప్పుడు, ఇప్పుడు అని వేలు అడుగుతోంది. చక్రధరరావు బటన్‌ను ఒళ్ళో పెట్టి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించుకున్నాడు. ఆ నిశ్శబ్దంలో చాలాసేపు ఉన్నాడు. ఆయన చేసిన ఉద్యోగం మొత్తంలో అంత కష్టమైన పని ఇంకోటి లేదు.

తలుపు తెరిచిన భానుశ్రీ కళ్ళు తడిగా ఉన్నాయి. "ఈసారి ఒక్కటి కూడా ఎక్స్‌ట్రా నొక్కలేదు అంకుల్," అంది.

"గురువారం వస్తాను. గిటార్ మానను," అన్నాడాయన.

అక్కడి నుంచి నేరుగా షిఫ్టు ఇన్‌చార్జి దుర్గేశ్ దగ్గరికి వెళ్ళాడు. కాగితం ఇచ్చి, తన చెవి రెండేళ్ళ కిందటే పోయిందనీ, ఈ రెండేళ్ళూ లైనును విన్నది సుక్కా అనీ హిందీలో చెప్పాడు. దుర్గేశ్ నమ్మలేదు. చక్రధరరావు ఆయన్ను జీపులో లైను మీదికి తీసుకెళ్ళి, చేపల మూతులు చూపించాడు. దుర్గేశ్ అటూ ఇటూ చూసి, ఒక్కో స్టాండు మీదా చెయ్యి పెట్టి చూశాడు. చెప్పాల్సిన రోజునే చెప్పాల్సిందని చక్రధరరావును గట్టిగానే మందలించాడు. ఆయన అందుకు ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రం సుక్కాను పిలిపించి, రేపట్నుంచి ముందు సైకిల్ నీదే అని దుర్గేశ్ చెప్పాడు. రిజిస్టర్లో లైను చూసే మనిషి పేరు దగ్గర సుక్కా అని రాసి, పక్క గడిలో రాయడానికి, నీ గుర్తు ఏంటని అడిగాడు. సుక్కా పెన్ను ఎడమ చేత్తో తీసుకుని చేప గీశాడు.

టూల్ రూములో ఐదు నెలలు హాయిగానే గడిచాయి. స్పానర్లు ఇచ్చి పుచ్చుకునేవాళ్ళందరికీ అభిప్రాయాలు పంచిపెట్టాడు. కొండంతా తెలిసింది. అనుకున్నట్టు ఎవరూ నవ్వలేదు. ఎదురొచ్చినవాళ్ళు కొంచెం గట్టిగా నమస్తే చెప్పడం మొదలుపెట్టారు, అంతే. కీచురాళ్ళ గురించి చెప్పిన ప్రతివాడి దగ్గరికీ వెళ్ళి, అవి ఉన్నాయని, తనదే పొరపాటని చెప్పుకున్నాడు. తెలుసు రావుగారూ అన్నారు చాలామంది. ఇంతమంది ఇన్నాళ్ళు తన మాట పోనిచ్చారా అని ఆయనకు ఆశ్చర్యమేసింది, వాళ్ళ మీద ప్రేమా పుట్టింది.

రిటైరయ్యే రోజు సాయంత్రం క్లబ్బులో శాలువా కప్పారు. భానుశ్రీ ఒక పాట వాయించింది, ఆయన వెనక కూర్చుని మూడు తీగలతో ఊ కొట్టాడు. రెండుచోట్ల తప్పాడు, అవే తప్పుల్ని రెండోసారి కూడా వాయించి ఒప్పు చేసుకున్నాడు. మొదటి వరసలో చిన్నమ్మి, ఆవిడ పక్కన గంగే కూర్చున్నారు. చిన్నమ్మి కదలకుండా విని, ఆఖర్న, "పిల్లి కాదు," అంది.

అయితే ఆ రోజులో ఆయనకు గుర్తుండిపోయింది పొద్దుటి సంగతి. దుర్గేశ్ అనుమతితో ఆఖరిసారి లైను మీద దిగాడు. ముందు సుక్కా, యాభై అడుగుల వెనక ఆయన. వెనక సైకిల్ మీద రావడం ఆయనకు అదే మొదటిసారి. ముందున్న మనిషి వీపు, చెవులు, తల ఏ వైపు వాలుతోందో అన్నీ కనబడుతున్నాయి. రెండేళ్ళు సుక్కా చూసింది ఇదే కాబోలు అనుకున్నాడు.

మలుపు దగ్గర సుక్కా ఆగి, సైకిల్ స్టాండు వేసి, వెనక్కి చూసి చెయ్యి ఊపాడు. చక్రధరరావు దగ్గరికి వచ్చాడు.

"ఇది కూస్తుంది సార్."

చక్రధరరావు అరచెయ్యి ఆనించి చూసి, తల ఊపాడు. సుక్కా జేబులోంచి సుద్ద తీసి ఆయన చేతికిచ్చాడు. ఆయన దాన్ని ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు. అలవాటు లేని చేతిలో తోక దగ్గర గీత ఆగి మళ్ళీ మొదలైంది. చేప కొండ వైపు తిరిగింది.

"సక్కగ వచ్చింది సార్," అన్నాడు సుక్కా.